పాత వీడియోగేమ్ బాణీల టెక్నో రీమిక్సులు: ఏది ఎవరికి నప్పుతుంది

టెట్రిస్ బాణీకి టెక్నో రీమిక్స్ కావాలని వెతికితే కుప్పలుగా దొరుకుతాయి. అన్నిటి మీదా ఒకటే ముద్ర. తీరా వింటే ఒకటి హుషారైన పాప్ పాట, ఇంకొకటి గేమ్‌బాయ్ అనే నింటెండో చేతి ఆటయంత్రపు గొంతుతోనే పలికే బుల్లి గీతం, మరొకటి ఎనిమిది నిమిషాల పాటు కిక్ డ్రమ్ (లోతుగా మోగే డ్రమ్ దెబ్బ) తప్ప పెద్దగా ఏమీ వినిపించని క్లబ్ ట్రాక్. మూడూ మంచివే కావచ్చు. ఒకటి ఆశించి మరొకటి పెట్టుకున్నవారికి మాత్రం మూడూ చెడ్డవిగానే తోస్తాయి. కాబట్టి ఏది గొప్పదన్న వాదన కన్నా, ఏది ఏ రకమో, ఏ పనికి పనికొస్తుందో తెలుసుకోవడం మేలు.

నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. బాణీని మొదటి నుంచి చివరి దాకా యథాతథంగా వినిపించి, కింద కిక్ డ్రమ్ వేసినంత మాత్రాన అది టెక్నో అవుతుందని నేను ఒప్పుకోను. టెక్నోకు పూర్తి బాణీతో పనిలేదు, ఒక ముక్క చాలు. ఆ ముక్క ఏదో ఎంచుకోవడంలోనే రీమిక్స్ చేసేవారి చెవి ఎంత పదునైనదో బయటపడుతుంది. కింది పోలికలన్నీ ఈ కొలబద్దతోనే చేశాను.

ముద్ర చూసి మోసపోకుండా

టెక్నో 1980ల మధ్యలో అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతంలో రూపుదిద్దుకుంది. జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు స్నేహితుల పేర్లు దానితో ముడిపడి ఉన్నాయి. ప్రతి దరువుకూ ఒక కిక్ డ్రమ్, మధ్య ఖాళీల్లో హై-హ్యాట్ తాళాల చప్పుడు, అడుగున పెద్దగా కదలని మంద్రస్వరం, నిమిషానికి సుమారు 120 నుంచి 150 దరువులు. అస్థిపంజరం ఇంతే. రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చిన టీఆర్-808, 1983లో తెచ్చిన టీఆర్-909 డ్రమ్ యంత్రాల శబ్దాలు నేటికీ ఈ సంగీతాన్ని వదల్లేదు. మాటలు ఉండవు, ఉన్నా ఒకటి రెండు పలుకులు. మార్పు నెమ్మదిగా వస్తుంది. ఒక శబ్దం క్రమంగా పదునెక్కుతుంది, ఒక పొర జారిపోతుంది, ఇంకొకటి వచ్చి చేరుతుంది.

ఆటల రీమిక్సుల్లో టెక్నో పేరుతో చలామణీ అయ్యేవాటిలో చాలా భాగం నిజానికి యూరోడాన్స్, ట్రాన్స్, హార్డ్‌స్టైల్ కోవకు చెందినవి. అది నేరమేమీ కాదు, దేని రుచి దానిది. బాణీ పూర్తిగా వచ్చి, మధ్యలో డ్రమ్ములు ఆగి, కాసేపు ఊరించి, మళ్లీ ఒక్కసారిగా విరుచుకుపడితే అది ట్రాన్స్ కుటుంబం. గాయని పల్లవి, ర్యాప్ చరణం ఉంటే యూరోడాన్స్. కిక్ డ్రమ్మే బొంగురుగా పగిలి, స్వరంలా పలుకుతుంటే హార్డ్‌స్టైల్. మొదటి నిమిషంలో ఇది ఏ ఆట సంగీతమో పోల్చుకోలేకపోయారంటే బహుశా అది నిఖార్సయిన టెక్నో.

పొత్తు ఎక్కడ కుదిరింది, ఎక్కడ చెడింది

ఆటలకూ ఈ యంత్ర సంగీతానికీ చుట్టరికం పాతదే. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో సంగీతమంటే దిగుతూ పోయే నాలుగు మంద్రస్వరాలు మాత్రమే. శత్రువులు తగ్గేకొద్దీ వాటి వేగం పెరుగుతుంది. ఆడేవారిలో దడ పుట్టించడానికి అంతకు మించి ఏమీ అక్కరలేకపోయింది. అదే ఏడాది జపాన్ బృందం ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా తమ తొలి ఆల్బంలో ఆర్కేడ్ ఆటల శబ్దాలను వాడుకుంది. ఆ బృందంలోని హరువోమి హొసోనో 1984లో నామ్కో ఆటల సంగీతంతో ఏకంగా ఒక ఆల్బమే తెచ్చారు.

వేగాల విషయంలో ఒక చిత్రమైన లెక్క ఉంది. రీమిక్స్ ఎంచుకునేటప్పుడు ఇది నిజంగా అక్కరకొస్తుంది. జపాన్, అమెరికాల్లో టీవీ తెర సెకనుకు సుమారు 60 సార్లు మారేది. పాత ఆటల్లో సంగీతాన్ని నడిపే ప్రోగ్రాం సాధారణంగా తెర మారిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకు వేసేది. తెర ఒకసారి మారడాన్ని ఒక ఫ్రేము అంటారు. అందువల్ల స్వరం నిడివి ఆరు ఫ్రేములో ఏడు ఫ్రేములో ఉండేది తప్ప, ఆరుంబావు పెట్టడం తేలిక కాదు. దరువుకు నాలుగు చిన్న స్వరాలు అనుకుందాం. ఒక్కో స్వరానికి 6 ఫ్రేములైతే నిమిషానికి 150 దరువులు వస్తాయి. 7 అయితే సుమారు 128.6. 8 అయితే 112.5. 5 అయితే ఏకంగా 180. నడుమ వేగాలు కావాలంటే ప్రోగ్రాం రాసేవారు ఏదో ఒక కిటుకు చేయాల్సిందే. యూరప్ టీవీలు సెకనుకు 50 సార్లే మారేవి కనుక, సవరించకుండా వదిలేసిన 150 బాణీ అక్కడ 125కు పడిపోయేది. ఒకే ఆటను చిన్నప్పుడు ఆడిన ఇద్దరికి రెండు వేగాలు గుర్తుండటం జ్ఞాపకశక్తి లోపం కాదన్నమాట.

128, 150 అనే ఈ రెండు వేగాలూ నృత్య సంగీతానికి ఇంచుమించు సరిపోయేవే. లయ దగ్గర పొత్తు కుదిరింది. చెడింది బాణీ దగ్గర.

నింటెండో ఫ్యామికామ్, అంటే జపాన్ బయట ఎన్‌ఈఎస్‌గా అమ్మిన యంత్రంలో ధ్వనికి ఐదు ఛానెళ్లు, అంటే విడివిడిగా పలికే గొంతులు, ఉండేవి. రెండు పల్స్ తరంగాలు, ఒక త్రిభుజ తరంగం, ఒక రొద, ఒక శాంపిల్. మెమరీ అంతకన్నా తక్కువ. నిమిషం తిరగకుండానే మొదటికి వచ్చే సంగీతం విసుగు పుట్టించకూడదంటే ప్రతి క్షణం ఏదో ఒకటి జరుగుతుండాలి. కాబట్టి స్వరకర్తలు భారమంతా బాణీ మీద వేశారు. టెక్నో కోరేది దీనికి సరిగ్గా తలకిందులు: దానికి ఖాళీ కావాలి. సందు లేని బాణీని తెచ్చి సందులు కోరే లయ మీద కూర్చోబెడితే రెండూ ఇరుకున పడతాయి. చాలా రీమిక్సులు బోల్తా కొట్టేది ఇక్కడే.

మార్కెట్లో ఉన్న దారులు

మొదటిది 1990ల ఆరంభపు నృత్య పాప్ దారి. 1992లో బ్రిటన్‌లో దీని హోరు ఎక్కువ. డాక్టర్ స్పిన్ పేరుతో వచ్చిన టెట్రిస్ సింగిల్ అక్కడి పాటల అమ్మకాల పట్టికలో 6వ స్థానం దాకా వెళ్లింది. ఆ పేరు వెనకున్నది నైజెల్ రైట్, ఆండ్రూ లాయిడ్ వెబర్. సంగీత నాటకాలతో ప్రపంచ ప్రసిద్ధులైన ఆ వెబర్‌గారే! అదే ఏడాది అంబాసిడర్స్ ఆఫ్ ఫంక్ వారు సూపర్ మారియో ల్యాండ్ సంగీతానికి ర్యాప్ జోడించి 8వ స్థానం అందుకున్నారు. ఈ రకం ఎవరికి? నలుగురు చేరిన చోట అందరూ ఒక్కసారి గుర్తుపట్టి నవ్వుకుని గంతులేయడానికి. ఒక్కరే కూర్చుని హెడ్‌ఫోన్‌లో రెండోసారి వినడానికి మాత్రం ఇది పనికిరాదు, ఉన్నదంతా మొదటి అర నిమిషంలోనే చెప్పేస్తుంది. ఇదే కాలంలో, ఇదే ఊపులో వచ్చినా మిగతావాటి కన్నా ఒక మెట్టు పైన నిలిచేది ప్యాక్-మ్యాన్ శబ్దాలతో పవర్-పిల్ పేరు మీద వచ్చిన రికార్డు. చేసింది ఎవరో కాదు, తర్వాత ఏఫెక్స్ ట్విన్‌గా పేరు మోగిన రిచర్డ్ డి. జేమ్స్. ఆట శబ్దాలను అలంకారంగా అతికించకుండా డ్రమ్ముల్లో ఒకటిగా వాడిన తీరు గమనించండి. ఈ దారిలో ఒక్కటే ఎంచుకోవాలంటే నా ఓటు దానికే.

రెండోది చిప్ దారి. ఇక్కడ పాత యంత్రమే వాద్యం. గేమ్‌బాయ్‌లో నడిచే నానోలూప్, లిటిల్ సౌండ్ డీజే వంటి ప్రోగ్రాములతో, లేదా కమడోర్ 64 కంప్యూటర్‌లోని సిడ్ అనే ధ్వని చిప్‌తో టెక్నో కట్టేవారున్నారు. గేమ్‌బాయ్‌లో నాలుగే ఛానెళ్లు, సిడ్‌లో మూడే గొంతులు. ఇంత కొద్దిపాటి సరంజామాతో చేసేవారు అనవసరమైనది వేయలేరు కనుక, ఈ దారిలో వచ్చినవి తరచూ క్లబ్ రీమిక్సుల కన్నా నిఖార్సైన టెక్నోకు దగ్గరగా ఉంటాయి. ముఖ్యంగా సిడ్. బాబ్ యానెస్ రూపొందించిన ఆ చిప్‌లో అనలాగ్ ఫిల్టర్, అంటే శబ్దంలోని పదునును తగ్గించి పెంచే జల్లెడ, ఉంది. దాన్ని నెమ్మదిగా తెరుస్తూ మూస్తూ పోతే వచ్చే జిగురైన శబ్దం, రోలాండ్ టీబీ-303 మంద్రస్వర యంత్రంతో పుట్టిన యాసిడ్ అనే నృత్య సంగీత శైలికి దూరపు బంధువులా వినిపిస్తుంది. తొలి తరం 6581 చిప్పుల్లో ఈ ఫిల్టర్ ఒక్కో చిప్‌కు ఒక్కో రకంగా పలుకుతుంది. అందుకే ఒకే పాట రెండు యంత్రాల్లో రెండు రకాలుగా వినిపించడం అభిమానులకు అదో ముచ్చట.

చిప్ దారిలో లోటు అడుగున ఉంది. గేమ్‌బాయ్ మీద పుట్టించిన కిక్ డ్రమ్ ఎంత గడుసుగా చేసినా పెద్ద స్పీకర్ల మీద, అసలైన 909 కిక్ పక్కన పెడితే పలచగానే ఉంటుంది. ఫోను, ల్యాప్‌టాప్ స్పీకర్లలో వినేవారికి ఇది సమస్యే కాదు. పైపెచ్చు అది లాభం, ఎందుకంటే ఈ సంగీతం పుట్టిందే చిన్న స్పీకర్ల కోసం. పెద్ద హాలులో మోగించాలనుకుంటే మాత్రం చిప్ శబ్దాల కింద ఆధునిక డ్రమ్ములు కలిపిన మిశ్రమ రకాన్ని చూసుకోండి.

మూడోది అచ్చమైన క్లబ్ ట్రాక్. ఆరు నుంచి పది నిమిషాల నిడివి, మొదట్లోనూ చివర్లోనూ డ్రమ్ములు మాత్రమే ఉండే భాగాలు, నడుమ ఎక్కడో ఆట బాణీలోంచి తీసిన నాలుగైదు స్వరాలు. అభిమాని దృష్టితో వింటే మోసపోయినట్టే ఉంటుంది. బాణీ ఏది అని వెతుక్కుంటూనే ట్రాక్ అయిపోతుంది. ఇది ఒంటరిగా వినే వస్తువు కాదు, ముందూ వెనకా వేరే ట్రాకులతో కలిపేందుకు చేసినది. డీజేలు తప్ప మిగతావారు దీన్ని చివరి ఎంపికగా పెట్టుకోవచ్చు. కానీ ఒకసారి దీని మత్తు తలకెక్కితే మొదటి దారి వైపు మళ్లీ చూడబుద్ధి కాదు.

నాలుగో దారిని రీమిక్స్ అనకూడదేమో. కొన్ని పాత ఆటల సంగీతం పుట్టుకతోనే టెక్నో. స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ అనే వీధిపోరాట ఆటల వరుసకు యుజో కోషిరో చేసిన సంగీతం దీనికి తలమానికం. 1991లో మొదటిది, 1992లో రెండోది, 1994లో మూడోది. అవి నడిచిన సెగా మెగాడ్రైవ్ యంత్రంలోని వైఎం2612 చిప్ ఆరు ఎఫ్ఎం (ఒక తరంగంతో మరొకదాన్ని కదిలించి శబ్దం పుట్టించే పద్ధతి) ఛానెళ్లు ఇస్తుంది. ఆరోదాన్ని రికార్డు చేసిన శబ్దాలకు వాడుకోవచ్చు. అంటే కిక్ డ్రమ్ నిజమైన కిక్ డ్రమ్‌లా మోగుతుంది. ఎఫ్ఎం పద్ధతి ఇచ్చే లోహపు మంద్రస్వరాలు ఆనాటి క్లబ్ సంగీతానికి అతికినట్టు సరిపోయాయి. మూడో ఆట కోసం కోషిరో, మొతోహిరో కవాషిమా యంత్రం చేత యాదృచ్ఛికంగా స్వరాలు పుట్టించే పద్ధతి వాడి, కర్కశమైన, కొరుకుడుపడని టెక్నో చేశారు. అది అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు. ఇప్పుడు వింటే మూడింటిలోకీ ధైర్యమున్నది అదేననిపిస్తుంది. 1993 నాటి కారు పందేల ఆట రిడ్జ్ రేసర్ సంగీతం కూడా ఈ కోవలోదే. మీకు కావలసింది ఆట జ్ఞాపకం, టెక్నో రెండూ అయితే, ఎవరో చేసిన రీమిక్స్ కన్నా ముందు ఇవి వినండి. చాలామందికి వేట ఇక్కడితోనే ముగుస్తుంది.

కంపెనీలే విడుదల చేసే అధికారిక సంకలనాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. శబ్దం శుభ్రంగా ఉంటుంది, సాహసం తక్కువ. అభిమానుల రీమిక్సుల్లో నాణ్యత ఆకాశం నుంచి పాతాళం దాకా ఉంటుంది. అందులో వడపోత కావాలంటే 1999లో డేవిడ్ లాయిడ్ మొదలుపెట్టిన ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్ వెబ్‌సైటు మంచి చోటు. పంపినవాటిని అక్కడ కొందరు విని, బాణీకి కొత్త అమరిక చేశారా లేక కేవలం శబ్దాలు మార్చారా అని తూచి గాని తీసుకోరు. వారి తీర్పులతో నాకు అన్నిసార్లూ పొత్తు కుదరదు, ఆ ప్రశ్న మాత్రం సరైనది.

ఏ బాణీకి టెక్నో ఒప్పుతుంది

అసలు కీలకం ఇది. రీమిక్స్ ఎవరు చేశారన్నది తర్వాత, ముందు బాణీ టెక్నోకు లొంగేదేనా అని చూడాలి.

టెట్రిస్ లొంగుతుంది. గేమ్‌బాయ్ రూపంలో 1989లో అందరి నోళ్లలో పడ్డ ఆ బాణీ నిజానికి రష్యన్ జానపద గీతం కొరొబేయినికి. దాని మాటలకు మూలం 1861 నాటి నెక్రాసొవ్ కవిత. ఆటకు తగ్గట్టు మలచినవారు హిరోకజు తనాకా. స్వరాలు దరువు మీదే నిలకడగా పడతాయి, విషాద ఛాయ ఉంది, మంద్రం సాదాసీదా. కిక్ డ్రమ్ పెట్టగానే కూర్చుంటుంది. మరీ సులువుగా కూర్చోవడమే దీని శాపం. వేగం పెంచుకుంటూ పోవడం తప్ప వేరే ఆలోచన లేని రీమిక్సులు దీనికి ఉన్నన్ని మరే బాణీకీ లేవు. టెట్రిస్ రీమిక్సుల్లో మొదటి పదిహేను సెకన్లలో బాణీ పూర్తిగా వినిపించేవాటిని పక్కన పెట్టేయండి. మిగిలేవి వినదగ్గవి.

మారియో లొంగదు. 1985లో కోజి కొందో చేసిన సూపర్ మారియో బ్రదర్స్ ప్రధాన బాణీ అద్భుతం. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల జాబితాలోకి ఒక వీడియోగేమ్ సంగీతాన్ని తొలిసారిగా చేర్చుకుంటే అది ఇదే. అయితే దాని ప్రాణమంతా దరువు తప్పించి పడే స్వరాల్లో, నడుమ వచ్చే మూడేసి స్వరాల తూగులో ఉంది. ప్రతి దరువునూ కొట్టే కిక్ డ్రమ్ కింద పెడితే ఆ తూగు చచ్చిపోతుంది. మిగిలేది కవాతు చేస్తున్న మారియో. అదే ఆటలో నేలమాళిగలోకి దిగినప్పుడు వచ్చే బాణీ చూడండి. మంద్రంలో ఒక స్వరం, వెంటనే పైస్థాయిలో అదే స్వరం, అలా మూడు జంటలు, తర్వాత ఖాళీ. ఆ ఖాళీయే బంగారం. హై-హ్యాట్లకు, ప్రతిధ్వనికి, నెమ్మదిగా మారే ఫిల్టర్‌కు కావలసినంత చోటు. మారియో మీదే మనసుంటే ప్రధాన బాణీ వదిలేసి, నేలమాళిగ రీమిక్సుల్లో వెతకండి.

జెల్డా సంగతి ఇంకా కష్టం. 1986 నాటి ఆ బాణీ వీరోచితమైన నడక, టెక్నోలో పెడితే ఊరేగింపులా తయారవుతుంది. దీని వెనక ఒక చమత్కారముంది. కొందో మొదట ఆ ఆటకు ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ రచన బొలేరో వాడాలనుకున్నారు. హక్కుల గడువు ఇంకా తీరలేదని తెలిసి, హడావుడిగా సొంత బాణీ సిద్ధం చేశారు. మొదటి నుంచి చివరి దాకా ఒకే డ్రమ్ వరుస మార్పు లేకుండా మోగుతూ, వాద్యాలు ఒక్కొక్కటిగా చేరే ఆ బొలేరో పద్ధతి టెక్నోకు ఎంత దగ్గరో ఆలోచించండి! జెల్డా నుంచి రీమిక్స్ కావాలంటే చెరసాలల్లో వచ్చే, మెట్లు దిగుతున్నట్టుండే చిన్న బాణీ మీద చేసినవే కాస్త నయం.

కాసిల్‌వేనియా, మెగామ్యాన్ వరుసలు ట్రాన్స్ వైపు మొగ్గుతాయి. 1987లో వచ్చిన రెండో కాసిల్‌వేనియాలో కెనిచి మత్సుబారా బాణీ, బ్లడీ టియర్స్, ఆర్గాన్‌ను తలపిస్తూ గబగబా మెట్లెక్కి దిగే స్వరాలతో మొదలవుతుంది. ఆ ఎత్తుగడ ఒక్కటే తీసుకుని తిప్పితే బ్రహ్మాండమైన టెక్నో. తర్వాత వచ్చే బాణీని కూడా తెస్తే ట్రాన్స్. 1988 నాటి రెండో మెగామ్యాన్‌లో వైలీ కోట మొదటి అంచె సంగీతానికి రీమిక్సులు లెక్కలేనన్ని. తకాషి తతేయిషి దాన్ని ముందే ఎంత కిక్కిరిసి అల్లారంటే, దాని మీద ఇంకేం వేసినా ఎక్కువే. ఆ ఒక్కటీ అసలు రూపంలో వినడమే ఉత్తమం.

ఏ పనికి ఏది

పరుగుకైతే వేగం చూసుకోండి. చాలామంది నిమిషానికి 150 నుంచి 180 అడుగుల మధ్య పరిగెడతారు. మామూలు క్లబ్ టెక్నో 130 దగ్గర ఉంటుంది కనుక అడుగుకు దరువు కలవదు. పైన చెప్పిన ఫ్రేముల లెక్కలోని 150, 180 వేగాల చిప్ రీమిక్సులు, హార్డ్ టెక్నో ఇక్కడ సరిగ్గా పనికొస్తాయి. మధ్యలో డ్రమ్ములు ఆగిపోయే ట్రాన్స్ రకం వద్దు, అడుగు తడబడుతుంది.

చదువుకో, రాతపనికో నేపథ్యంగా కావాలంటే బాణీ గుర్తుపట్టగలిగేవేవీ వద్దు. తెలిసిన బాణీ వినగానే మనసు తర్వాతి స్వరం కోసం ముందుకు పోతుంది, పని అక్కడే ఆగుతుంది. క్లబ్ దారిలోనివి, స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ మూడోదానిలో కాస్త నెమ్మదైనవి బాగుంటాయి.

డీజేలకు ఒక హెచ్చరిక. 150లో ఉన్న చిప్ రీమిక్స్‌ను 130 ట్రాకుతో కలపాలంటే వేగం 13 శాతానికి పైగా తగ్గించాలి. సాధారణ టర్న్‌టేబుల్ వేగపు మీట 8 శాతం దాకానే పోతుంది. సాఫ్ట్‌వేర్‌తో స్వరస్థాయి మారకుండా సాగదీయవచ్చు. కానీ పల్స్ తరంగాల పదునైన అంచుల్లో ఆ సాగదీత ఇట్టే దొరికిపోతుంది. 128 దగ్గర పుట్టిన బాణీల రీమిక్సులే ఎంచుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

విందుకు, వేడుకకు? మొదటి దారి, మొహమాటం లేకుండా.

ఎంచుకునే ముందు రెండు పరీక్షలు, ఒక జాగ్రత్త

రీమిక్స్‌ను మొదటి నుంచి వినకండి. సరిగ్గా నడుమకు వెళ్లి ఒక నిమిషం వినండి. ఎత్తుగడలో ఆట జ్ఞాపకం మన తీర్పును కొనేస్తుంది. నడుమ భాగంలో ఆ లంచం పనిచేయదు. అక్కడ కూడా మొదట్లో విన్నదే వినిపిస్తే వదిలేయండి. రెండో పరీక్ష: బాణీ ఆగిన చోట మంద్రం, డ్రమ్ములు మాత్రమే వినండి. అవి సొంత కాళ్ల మీద నిలబడితే మంచి టెక్నో. బాణీ లేకపోతే వెలవెలబోతే అది బాణీ భుజాల మీద ఊరేగుతున్న రీమిక్స్.

జాగ్రత్త ఫైలు విషయంలో. చిప్ సంగీతంలోని రొద ఛానెల్, పల్స్ తరంగాల పై హరాత్మకాలు (మూల స్వరంతో పాటు పలికే పైస్వరాలు) తక్కువ నాణ్యత ఎంపీ3లో దెబ్బతింటాయి. 128 కేబీపీఎస్ దగ్గర చాలా ఎన్‌కోడర్లు 16 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా కోసేస్తాయి, హై-హ్యాట్లు నీళ్లలో మునిగినట్టు మోగుతాయి. వీలుంటే ఫ్లాక్ (ఏమీ కోల్పోకుండా కుదించే ఫైలు), లేదంటే 320 ఎంపీ3 తీసుకోండి. పాత చిప్ కదా, ఏ ఫైలైతేనేం అనుకుంటారు చాలామంది. శబ్దం సరళమైనదే, కుదించడం మాత్రం తేలిక కాదు.

సొంత వీడియోలో వాడాలనుకుంటే

ఇక్కడ రెండు హక్కులు వేర్వేరుగా ఉంటాయి. స్వరరచన ఒకరిది, ఆ రికార్డింగు ఇంకొకరిది. రీమిక్స్ చేసినవారు ఉచితంగా వాడుకోండి అన్నా, స్వరరచన మీద హక్కు వారిది కాదు. ఆ అనుమతి సగమే. వీడియో వేదికల్లోని యాంత్రిక తనిఖీలకు ఈ సూక్ష్మాలు పట్టవు, బాణీ పోలిక దొరికితే చాలు. జానపద గీతమైన కొరొబేయినికి మూల బాణీ ఎవరి సొత్తూ కాదు. ఆటలోని అమరిక, దాని రికార్డింగు మాత్రం ఆ కోవలోకి రావు. కాబట్టి నిర్భయంగా వాడాలంటే లైసెన్సు తీసుకుని విడుదల చేసిన రీమిక్సులు గాని, జానపద మూలం నుంచి నేరుగా కట్టిన కొత్త అమరికలు గాని చూసుకోండి.

దొరికినవేవీ నచ్చక మీరే చేయాలనుకుంటే

రెండు పద్ధతులు. ఆట సంగీతపు రికార్డింగును కోసి వాడటం ఒకటి. త్వరగా అవుతుంది. అయితే ఛానెళ్లన్నీ కలిసిపోయి ఉంటాయి కనుక ఒకదాన్ని తీయాలంటే మిగతావీ వెంట వస్తాయి. ఎన్‌ఎస్ఎఫ్, వీజీఎం వంటి ఫైళ్లతో మొదలుపెట్టడం రెండోది. వాటిలో ఉండేది రికార్డు చేసిన శబ్దం కాదు. ఎన్‌ఎస్ఎఫ్‌లో ఆటలోని సంగీత ప్రోగ్రామే ఉంటుంది, వీజీఎంలో చిప్‌కు వెళ్లిన ఆదేశాల చిట్టా ఉంటుంది. వాటిని నడిపే ప్లేయర్లలో ఒక్కో ఛానెల్‌ను విడిగా మోగించి, విడిగా దాచుకోవచ్చు. కొంచెం శ్రమ ఎక్కువైనా రెండోదే నా సలహా. వేగం ఫ్రేముల లెక్క ప్రకారం సరిచూసుకోండి. 128.57 అని పెట్టాల్సిన చోట 128 పెడితే అర నిమిషం తిరక్కుండానే డ్రమ్ములు, బాణీ విడిపోతాయి. ఎన్‌ఈఎస్ బాణీ అయితే, త్రిభుజ ఛానెల్‌ను అలాగే ఉంచితే కిక్‌తో కొట్టుకుంటుంది. దానికి శబ్దం హెచ్చుతగ్గుల అమరిక అసలు చిప్‌లోనే లేదు కాబట్టి, కిక్ పడిన ప్రతిసారీ అది కాస్త తగ్గేలా మీరే కట్టాలి. ఇక రెండు పల్స్ ఛానెళ్లలో ఒకదాన్ని పూర్తిగా తీసేయండి. ఏది తీయాలో తేల్చుకోలేకపోతే బాణీ ఉన్నదాన్నే తీయండి.